గీయని కత్తికి గాజుబీరువా యేల?

పాత వస్తువులను కూడబెట్టు వేడుక మన కుటుంబములలో క్రొత్తది కాదు. నాణెములు కూర్చినవారున్నారు, తపాలాబిళ్లలు కూర్చినవారున్నారు, గ్రామఫోను పలకలను బిడ్డలకంటె భద్రముగా దాచుకొన్నవారున్నారు. బెంగుళూరు, చెన్నై, ముంబయి వంటి నగరములలో పెరిగిన మన యువకులలో కొందరికి ఇప్పుడు మరియొక వేడుక పట్టుకొన్నది. అమెరికాలోను, ఇంగ్లండులోను నూరేండ్ల క్రిందట తయారైన ఒంటివాదర రేజర్లను, అనగా సింగిల్ ఎడ్జ్ అని పిలువబడు గడ్డపు కత్తులను, దూరదేశములనుండి తెప్పించి కూర్చుట ఆ వేడుక.

ఈ వేడుకను నేను నిందింపను. నేను నిందించునది ఒక్కటే. కొన్న రేజరుతో ఒక్కనాడును గడ్డము గీసికొనక, దానిని గాజుబీరువాలో నిలిపి, వచ్చినవారికెల్ల చూపి, దాని వెల చెప్పి మురియుటను నేను నిందించుచున్నాను. వీణను కొని తీగె మీటనివానిని వైణికుడనము. పాత్రలు పేర్చి పొయ్యి వెలిగింపని యింటిని అన్నసత్రమనము. కత్తులు కూర్చి గడ్డము గీయనివానిని మాత్రము రసజ్ఞుడని యేల పొగడవలెను?

వాదమునకు దిగుటకు ముందు వస్తువు నెరుగుట న్యాయము. మంగలికత్తిని పట్టుట ఒక విద్య. చేయి వణికినచో చెంప తెగును. ఆ విద్య లేనివాడు కూడ తన గడ్డమును తాను గీసికొనుటకు తగిన సాధనము కావలెనని ఐరోపావారు చిరకాలము ప్రయత్నించిరి. 1847లో ఇంగ్లండునందు విలియం శామ్యూల్ హెన్సన్ అనునతడు పిడికి అడ్డముగా వాదరను నిలిపి, తోటలో కలుపు తీయు పనిముట్టువంటి రేజరును రూపొందించి, దానిపై హక్కుపత్రము పొందెను. ఆవిరియంత్రముతో ఎగురు వాహనమును ఊహించినవాడును ఆయనయే. ఆ వాహనము మనుష్యులను మోసికొని ఎగురలేదు గాని, పిడికి అడ్డముగా నిలిచిన ఆ వాదర మాత్రము నేటికిని మన స్నానపుగదులలో నిలిచియున్నది.

1880లో న్యూయార్కు నగరమందలి కాంఫే సోదరులు వాదర ముందు ఒక కాపు కడ్డీని అమర్చి మరియొక రేజరునకు హక్కుపత్రము పొందిరి. సేఫ్టీ రేజరు అను మాట ఆ పత్రముననే కానవచ్చును. వారు దానిని స్టార్ అను పేర అమ్మిరి. అందలి బ్లేడు మంగలికత్తినుండి అంగుళమున్నర ముక్కను కోసి తీసినట్లుండును. అది ఒకనాడు వాడి పారవేయునది కాదు. దానిని ఒక పట్టుకఱ్ఱకు తగిలించి, తోలుపట్టెపై నూరి, మొద్దువారినపుడు సానపట్టి, సంవత్సరముల తరబడి వాడవలెను. పిమ్మట జెమ్, ఎవర్-రెడీ అను పేర్లతో సన్నని బ్లేడుల రేజర్లు వెలువడెను. 1919లో జెమ్, ఎవర్-రెడీ, స్టార్ మూడును అమెరికన్ సేఫ్టీ రేజర్ కార్పొరేషన్ అను ఒకే సంస్థ క్రిందికి చేరెను. నేటి సంగ్రాహకులు వెదకు రేజర్లలో పెక్కింటి పుట్టినిల్లు ఆ సంస్థకు బ్రూక్లిన్‌లో ఉండిన కర్మాగారమే.

ఇక్కడ వెలల మాట చెప్పవలసియున్నది. నా వాదమునకు మూలస్తంభము అదియే.

కింగ్ క్యాంప్ జిలెట్ తన రెండు వాదరల రేజరును 1903లో అంగడికి తెచ్చెను. ఆ తొలి సంవత్సరమున అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు మాత్రమే. రేజరు వెల 5 డాలర్లు. రేజరును ఊరక యిచ్చి బ్లేడులపై ధనము గడించుటయే జిలెట్ పన్నిన ఉపాయమని వ్యాపారోపన్యాసములలో తరచుగా చెప్పు కథ ఆ తొలియేండ్లకు చెల్లదు. 1904లో లభించిన హక్కుపత్రమునకు 1921లో గడువు తీరువరకు అది ఖరీదైన వస్తువే. నాటి అమెరికా కూలివాని వారపు జీతములో 5 డాలర్లు చిన్న భాగము కాదు. ఆ కాలముననే ఎవర్-రెడీవారు 12 బ్లేడులతో గూడ తమ రేజరును ఒక్క డాలరునకు అమ్ముచుండిరి. జెమ్‌వారును డాలరు బేరమునకే దిగిరి. అనగా, దొరలకు 5 డాలర్లది, దుకాణపు గుమాస్తాకును, రేవుకూలికిని డాలరుది. ఒంటివాదర రేజరు పుట్టుకనుండియు సామాన్యుని పనిముట్టు. మంగలి అంగడికి దినదినము పోలేనివాడు ఉదయమున పనికి పోవుటకు ముందు తన ముఖమును తానే శుభ్రము చేసికొనుటకై పుట్టిన పనిముట్టు.

అట్టి డాలరు రేజరును నేడు పట్టువస్త్రముపై పరుండబెట్టి, దీపము వెలిగించి, తాకరాదని చెప్పుట దానికి గౌరవమా, అవమానమా? పాటుపడి బ్రతికిన పెద్దమనిషిని సింహాసనముపై కూర్చుండబెట్టి, కాలుసేతులు కట్టివేసి, ఇదియే సన్మానమని చెప్పినట్లున్నది.

సంగ్రాహక మహాశయులు దీనికి చెప్పు సమాధానములను నేనెరుగుదును. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటి సమాధానము: "వాడినచో అరిగిపోవును." ఈ మాట రేజరు నిర్మాణము నెరుగనివారి మాట. జెమ్, ఎవర్-రెడీ రేజర్లు చాలవరకు ఇత్తడితో చేసి నికెల్ పూత పూసినవి. అందు చర్మమును కోయునది రేజరు కాదు, బ్లేడు. బ్లేడు మార్చుకొనదగినది. రేజరు దానిని పట్టుకొను చేయి మాత్రమే. ప్రతిదినము గీసికొని, కడిగి, తుడిచి, ఆరబెట్టిన రేజరు ముప్పది యేండ్లకును చెడదు. దానిని నిజముగా చెడగొట్టునది ఏదో తెలియునా? సంగ్రాహకుని మెరుగుపిచ్చి. మెరుగుచక్రముపై పట్టి నికెల్ పూతను తొలగించి, అక్షరములు మాసిపోవువరకు రుద్ది, బంగారమువలె మెరయుచున్నదని మురిసినవారు రేజరును అరగదీసినట్లు ఏ గడ్డమును అరగదీయజాలదు.

రెండవ సమాధానము: "బ్లేడులు దొరకవు." ఇదియు నిజము కాదు. వెన్నునకు ఉక్కురేకు మడిచిన మందపు బ్లేడులు అమెరికాలో నేటికిని తయారగుచున్నవి. మన ఊరి అంగడిలో టోపాజ్ దొరికినంత సులభముగా ఇవి దొరకవన్నది వాస్తవము. కాని సముద్రములు దాటించి రేజరును తెప్పించుకొనగలిగినవానికి బ్లేడుల పొట్లమును తెప్పించుకొనుట అసాధ్యమా? ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. రంగును, కాగితమును గీకుటకై ఇనుపసామానుల అంగడిలో అమ్ము ఒంటివాదర బ్లేడు చూపునకు దీనివలెనే యుండును. అది గోడకు తగినది, చెంపకు కాదు. పొదుపనుకొని దానిని రేజరులో పెట్టరాదు.

మూడవ సమాధానము: "కోసికొనును." ఇది కొంత ఆలోచింపదగినది. రెండు వాదరల బ్లేడు మందము మిల్లీమీటరులో ఇంచుమించు పదవవంతు. ఒంటివాదర బ్లేడు దానికి రెండింతలకు పైబడి మందము కలది. కనుక వంగదు, కంపింపదు, దట్టమైన గడ్డమునకు తడబడదు. కాని వంగని వస్తువు తప్పును క్షమింపదు. అలవాటైన రేజరును పట్టినట్లు పిడిని క్రిందికి వంచి పట్టినచో వాదర చర్మమును గీకును. జెమ్ రేజరు తలను చెంపపై బల్లపరుపుగా ఆనింపవలెను. అపుడు పిడి ముఖమునకు ఇంచుమించు అడ్డముగా నిలుచును. అటనుండి కొద్దిగా, అతి కొద్దిగా మాత్రమే వంచవలెను. చేతి బలము చూపరాదు. రేజరు బరువే చాలును. వేడినీటితో గడ్డమును నానబెట్టి, కుంచెతో చిక్కని నురుగు పట్టించి, వెండ్రుక మొలచిన దిశలోనే పొట్టి పొట్టి గీతలు గీయవలెను. సరిగా గీయుచున్నపుడు వెండ్రుకలు తెగు చప్పుడు స్పష్టముగా వినబడును. ఆ చప్పుడే గురువు. చప్పుడు మారినచో కోణము మారినదని గ్రహింపవలెను. వారము దినములు శ్రద్ధగా పట్టినవానికి చేయి కుదురుకొనును. వారము దినముల శ్రద్ధకు ఓర్వలేనివాడు నూరు రేజర్లు కొనుటకు పదియేండ్లు ఓర్చినాడన్నచో, ఆ ఓర్పు కత్తిమీద కాదు, కొనుగోలుమీద.

నాల్గవ సమాధానము బలమైనది: "కొన్ని అరుదైనవి, అవి నశించినచో మరల రావు." దీనిని నేనంగీకరింతును. స్టార్ తొలి రేజర్లు, వాని మూల బ్లేడులు, నాటి అట్టపెట్టెలు, వాడుక తెలుపు కాగితములు భద్రపరుపదగినవే. సానపట్టిన ప్రతిసారియు అట్టి బ్లేడు కొంత తరుగును, తరిగినది తిరిగిరాదు. అట్టివానిని దాచువానికి నమస్కారము. కాని జెమ్ 1912 నమూనా అట్టిదా? 1930 ప్రాంతమున వచ్చిన మైక్రోమాటిక్ అట్టిదా? ఇవి లక్షల సంఖ్యలో తయారై, నేటికిని పాతసామానులలో పుష్కలముగా దొరకునవి. వెయ్యి యున్నదానిని వాడుడు, పది యున్నదానిని దాచుడు. ఈ చిన్న సూత్రము చాలును. అరుదైన ఒక్కదానిని చూపి అంగడినిండ దొరకు వందను బీరువాలో బంధించుట వాదము కాదు, సాకు.

వాడినచో తెలియునది చూచినచో తెలియదు. 1912 నమూనాలో మూత నెత్తి బ్లేడును జారవిడిచి మూసినచో చాలును. ఆ మడతబందు, ఆ స్ప్రింగు ఎంత సులువుగా పనిచేయునో వ్రేలికి తెలియవలెను గాని కంటికి తెలియదు. మైక్రోమాటిక్‌లో పిడి అడుగు మరను త్రిప్పినచో తలపైకప్పు తెరచుకొనును. అమెరికా సైన్యమున పనిచేసిన జేకబ్ షిక్ అనునతడు తూటాల తుపాకిని చూచి తలంచి, బ్లేడును చేతితో తాకకయే పెట్టెనుండి రేజరులోనికి నెట్టు ఇంజెక్టర్ రేజరును 1920 దశకమున వెలువరించెను. ఇంగ్లండువారి రోల్స్ రేజరు ఇంకొక వింత. దాని పెట్టెకు ఒకవైపు మూతలో తోలు, మరియొకవైపు మూతలో సానరాయి ఉండును. పిడిని ముందునకును వెనుకకును త్రోసినచో బ్లేడు ప్రతిత్రోపునకు తిరుగబడి తనకు తానే పదునెక్కును. ఆ గరగర శబ్దము వినక రోల్స్ రేజరు నెరుగుదునన్నవాడు నాదస్వరమును పటములో చూచి కచేరి విన్నట్లే. ఆ రోల్స్ సంస్థ తరువాత బట్టలుదుకు యంత్రముల వ్యాపారమునకు దిగి 1964లో కుప్పకూలినది. సంస్థ పోయినది గాని, సరిగా ఉంచుకొన్నవారి యింట దాని కత్తి నేటికిని గీయుచునేయున్నది. ఇంతకంటె వస్తువునకు కీర్తి యేమి కావలెను?

ఇటువైపు వాదించిన నేను అటువైపువారిని విడిచిపెట్టినచో అన్యాయమగును. "ఇదంతయు పిసినారితనము, కార్ట్రిడ్జి రేజరు ఉండగా ఈ తంటాలేల?" అనువారును మన యిండ్లలో గలరు. వారికి చెప్పదగినది కలదు. 1971లో రెండు బ్లేడుల కార్ట్రిడ్జి వచ్చెను. 1998లో మూడు, 2003లో నాలుగు, 2006లో అయిదు. సంఖ్య పెరిగినకొలది వెల పెరిగినది. గడ్డము మాత్రము మన తాతల గడ్డమే. మొదటి బ్లేడు వెండ్రుకను పైకి లాగుటయు, వెనుకటిది దానిని చర్మపుమట్టమునకు దిగువగా తెగగోయుటయు ఆ యంత్రపు గొప్పయని ప్రకటనలు చెప్పెను. ఉంగరాల వెండ్రుకలవారికి ఆ గొప్పయే చేటు. దిగువగా తెగిన వెండ్రుక లోనికి వంగి చర్మమున గ్రుచ్చుకొని పొక్కులు లేపును. అట్టివారిని మరీ నున్నగా గీయవద్దని చర్మవైద్యులు చెప్పుట అందుకే.

ఇంకను వినుడు. బ్లేడుల సంఖ్యను పెంచుకొనిపోయిన ఆ సంస్థయే 2010లో భారతదేశమునకు ప్రత్యేకముగా ఒక రేజరును తయారుచేసి, 15 రూపాయలకు రేజరును, 5 రూపాయలకు కార్ట్రిడ్జిని అమ్మజొచ్చెను. అందులో బ్లేడులెన్ని? ఒక్కటి! కొళాయినీరు లేనిచోట, చెంబెడు నీటితో గీసికొనువానికి పలు బ్లేడుల సందులలో చిక్కిన వెండ్రుక వదలదని వారు తెలిసికొనిరి. అయిదు బ్లేడులు లేనిది గడ్డము గీయుట కాదని ఒక దేశమున చెప్పిన నోటితోనే ఒకటి చాలునని మరియొక దేశమున చెప్పవలసివచ్చినది. ఒంటివాదరకు ఇంతకంటె గట్టి సాక్ష్యము నేను వెదకలేను.

మరియు ఒకటి. కార్ట్రిడ్జి మొద్దువారినపుడు పారవేయునది ఉక్కు మాత్రమే కాదు. దానిని చుట్టిన ప్లాస్టిక్కు సర్వమును పారవేయుచున్నాము. ఆ రెండును విడదీయరానట్లు అతికియుండును. ఒంటివాదర బ్లేడు ఉక్కుముక్క మాత్రమే. మూతగల డబ్బాకు సన్నని చీలిక చేసి వాడినవానిని అందులో వేసినచో చెత్త యెత్తువారి చేయి తెగదు, ఉక్కు ఉక్కులో కలియును. పూర్వము అమెరికాలో మందులబీరువా వెనుక గోడలోనికి చీలిక చేసి పాత బ్లేడులను గోడ సందున పడవేసెడివారు. ఆ పద్ధతి మనకు వలదు, డబ్బాయే మేలు.

ఇది మనదేశపు వేడుక కాదు, విదేశీయుల వస్తువు, మనకేల యనువారికి కూడ ఒక మాట. మన వీథి చివర క్షౌరశాలలోనికి పోయి చూడుడు. ఎయిడ్స్ భయము వ్యాపించిన తరువాత మన నాయీబ్రాహ్మణ సోదరులు సానపట్టు కత్తిని చాలవరకు విడిచి, రెండు వాదరల బ్లేడును నడుమకు విరిచి, ఆ సగమును కత్తిపిడిలో బిగించి, మనిషి మనిషికి మార్చుచున్నారు. ఆ సగము బ్లేడు ఏమి? ఒంటివాదరయే. బ్రూక్లిన్ కర్మాగారమువారు యంత్రముతో సాధించినదానిని మన మంగలి రెండు వ్రేళ్లతో విరిచి సాధించుచున్నాడు. కాపు కడ్డీ లేదు, పలక లేదు. అతని మణికట్టే కాపు. ఈ విద్య చూడని కన్నులు గాజుబీరువాలోని నికెల్ మెరుపును చూచి పరవశించుట నాకు విడ్డూరముగా తోచును. కత్తులపై నిజమైన ప్రీతి గలవాడు మొదట ఆ మణికట్టునకు మ్రొక్కవలెను. పాత రేజరును కొనువాడు కూడ ఆ సోదరుని నియమమునే పాటింపవలెను. ఒకరి బ్లేడు మరియొకరు వాడరాదు. పాత రేజరు వచ్చిన వెంటనే అందున్న పాత బ్లేడును తీసి పారవేసి, సబ్బునీటితోను పాత పండ్లకుంచెతోను మూలమూలల కడుగవలెను. సెల్యులాయిడ్ పిడి గలదానిని కాగునీట ముంచరాదు, అది వంకరపోవును.

ఇక మన కుటుంబములకు సంబంధించిన మాట. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురములోనో, షోలాపురములోనో, యానాములోనో మూడు నాలుగు తరములుగా ఉన్న యిండ్లలో తాతల ట్రంకుపెట్టెలు కలవు. పెద్దలు గతించిన పిదప నగలను తూచి పంచుకొందుము, పత్రములను చదివి పంచుకొందుము. గడ్డపుసామాను డబ్బాను ఎవరును అడుగరు. అది పాతయినుముల బండికి పోవును. ఒకవేళ తెలిసినవాడు వచ్చి, ఏమియు తెలియని ముసలమ్మ చేతిలో పదిరూపాయలు పెట్టి దానిని తీసికొనిపోయి, పదిమందిలో తన చాకచక్యమును చెప్పుకొనును. దీనిని కొందరు వేటయందురు. నేను దీనిని మోసమనుచున్నాను. వస్తువు విలువ తెలిసినవాడు తెలియనివానికి మొదట ఆ విలువను చెప్పవలెను, తరువాతనే బేరమాడవలెను. మనుమలున్నారేమో, వారికి కావలెనేమో అడుగవలెను. ఇంత మాత్రపు మర్యాద లేని సంగ్రహము ఎంత పెద్దదైనను దొంగసొమ్ము వాసన వీడదు.

కావున యువకులకు నేను చెప్పునది సులభము. మీ యింటి ట్రంకుపెట్టెను మొదట తెరువుడు. అందు ఒంటివాదరయో రెండు వాదరలదో దొరికినచో కడిగి, క్రొత్త బ్లేడు వేసి, గీసికొనుడు. దొరకనిచో ఒక్క రేజరును కొనుడు. దానితో ఆరు నెలలు గీసికొనుడు. దాని కోణము, దాని చప్పుడు, దాని అలుక తెలిసిన తరువాతనే రెండవదానికి చేయి చాపుడు. ఒకటి మీకు కుదిరి మరియొకటి మిగిలినచో దానిని బీరువాలో పెట్టక, మీసము మొలచుచున్న తమ్మునికో మేనల్లునికో ఇచ్చి, దగ్గర నిలిచి పట్టు నేర్పుడు. ఇచ్చుటవలన సంగ్రహము తరుగదు. వాడు చేతులు పెరుగును.

గాజుబీరువాలోని కత్తి తన యజమాని ధనమును చెప్పును. తడిసి, నురుగంటి, తుడువబడి, మరునాటికై ఆరుచున్న కత్తి తన యజమాని చేతిని చెప్పును. ధనమును చూచి వచ్చినవారు పొగడుదురు, పొగడి పోవుదురు. చేతి నేర్పు ఒకరినుండి ఒకరికి దిగును. డాలరు రేజరును చేసినవారు దానిని ముఖములకై చేసిరి, అద్దములకై కాదు. దానిని ముఖమునకు తిరిగి యిచ్చుటయే దానికి మనము చేయగల సన్మానము.